వాన లెక్క, జ్వరం లెక్క: ముందస్తు ఆరోగ్య హెచ్చరికలు ఎంతవరకు వచ్చాయి?

తొలకరి పడిన కొన్ని వారాలకు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా ఒకే శీర్షిక కనిపిస్తుంది: మన్యంలో విషజ్వరాలు. వాన ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పడిందో వాతావరణ శాఖ దగ్గర ఉంటుంది. జ్వరంతో ఎంతమంది వచ్చారో ఆరోగ్య శాఖ దగ్గర ఉంటుంది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదివితే, జ్వరం కంటే ముందే మందులూ దోమతెరలూ సిబ్బందీ ఊరు చేరవచ్చు కదా? ప్రశ్న తేలికగానే కనిపిస్తుంది గానీ, దీని మీద వందేళ్లకు పైగా చర్చ నడుస్తోంది. వాతావరణాన్ని చూసి వ్యాధిని చెప్పవచ్చని కొందరు, అది అతిశయమని కొందరు, చెప్పగలిగినా వినేవారేరని మరికొందరు అంటూ వచ్చారు. వాతావరణ మార్పు, ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాలు వచ్చి చేరాక ఈ చిక్కుముడి ఇంకా బిగిసింది. ఇందులో తేలినదేమిటో, తేలనిదేమిటో విడదీసి చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

పంజాబ్‌లో మొదలైన లెక్క

1908లో పంజాబ్‌లో వానలు విపరీతంగా కురిశాయి. వాటి వెనుకే వచ్చిన మలేరియాకు సుమారు 3 లక్షల మంది బలయ్యారు. అమృత్‌సర్‌లో ఊరికి ఊరే మంచం పట్టింది. దీనిపై పరిశోధన చేసిన ఎస్.ఆర్. క్రిస్టోఫర్స్ 1911లో ఇచ్చిన నివేదిక ఈ రంగానికి పునాది. వాన ఒక్కదానితోనే అంత మరణం రాదని ఆయన చూపించారు. తిండిగింజల ధర పెరిగి జనం చిక్కి ఉన్న ఏడాదిలో అతివృష్టి తోడైతే జ్వరం మారిగా మారుతుందన్నది ఆయన నిర్ధారణ.

ఆ దారిలోనే సి.ఎ. గిల్ 1920లలో పంజాబ్‌కు మలేరియా అంచనాలు తయారుచేశారు. వానాకాలపు వర్షపాతం, గోధుమ ధర, గత సంవత్సరాల జ్వర మరణాలు, పిల్లల్లో ప్లీహం ఉబ్బినవారి శాతం ఆయన ముడిసరుకు. మన పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అనేది ఆ ఉబ్బునే. బల్ల ఉన్న పిల్లలు ఎక్కువగా ఉన్నారంటే ఆ ఊరు మలేరియాను ఇటీవలే చూసిందని, కొంత నిరోధకత మిగిలి ఉందని అర్థం. తక్కువగా ఉంటే ఊరు కొత్త దాడికి సిద్ధంగా ఉన్నట్టు. ప్రపంచంలో వాతావరణ సమాచారం ఆధారంగా నడిచిన తొలి వ్యాధి హెచ్చరిక వ్యవస్థల్లో ఇదొకటి. దీని ఫలితాలను 1949లో సత్య స్వరూప్ గణాంకాలతో మళ్లీ పరీక్షించారు. కలరా విషయంలో ఇలాంటి ప్రయత్నమే లియొనార్డ్ రోజర్స్ చేశారు. గాలిలో తేమకూ కలరా వ్యాప్తికీ ముడివేసి 1928లో ఆయన నివేదిక వెలువరించారు.

పంజాబ్ పాఠాన్ని అక్షరాలా నమ్మితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. అక్కడ 1934లో రుతుపవనం ముఖం చాటేసింది. నదులు ఎండి మడుగులు మడుగులుగా మిగిలాయి. మలేరియా దోమకు ఆ నిలవ నీళ్లే కావాలి. 1934–35లో సుమారు 80 వేల మంది చనిపోయారు. పంజాబ్‌ను ముంచింది అతివృష్టి, శ్రీలంకను ముంచింది అనావృష్టి. వాన పెరిగితే జ్వరం పెరుగుతుందన్న ఏకసూత్రం ఎక్కడికక్కడ తలకిందులు కావచ్చని ఆ రోజుల్లోనే రుజువైంది.

ఆ తరువాత డీడీటీ వచ్చింది. దోమనే లేకుండా చేయవచ్చన్న ధీమాలో అంచనాల అవసరం మరుగున పడింది. 1990లలో ఉపగ్రహ చిత్రాలు, ఎల్ నినో పరిశోధనలు దాన్ని మళ్లీ పైకి తెచ్చాయి.

దోమ కడుపులోని గడియారం

వాదాల్లోకి వెళ్లేముందు, వేడికీ జ్వరానికీ మధ్య అసలు లంకె ఎక్కడుందో చూడాలి. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 16న రోగిని కుట్టించిన దోమల్లో ఒకదాన్ని నాలుగో రోజున, 20వ తేదీన కోసి చూశారు. దాని కడుపు గోడ మీద నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. అది ఎదుగుతున్న మలేరియా పరాన్నజీవి. అది పూర్తిగా ఎదిగి దోమ లాలాజలంలోకి చేరేదాకా ఆ దోమ ఎంతమందిని కుట్టినా మలేరియా అంటదు.

ఎన్నాళ్లలో ఎదుగుతుందన్నది గాలి వేడిని బట్టి ఉంటుంది. ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకానికి పరిశోధకులు వాడే పాత సూత్రం ఒకటుంది: సగటు ఉష్ణోగ్రతలో 16 తీసివేసి, వచ్చినదానితో 111ని భాగించాలి. 20 డిగ్రీల దగ్గర సుమారు 28 రోజులు వస్తుంది. 25 దగ్గర 12 రోజులు, 28 దగ్గర 9 రోజులు. దోమ సాధారణంగా బతికేది రెండు మూడు వారాలే. అంటే 20 డిగ్రీల చోట పరాన్నజీవి ఎదిగేలోపే దోమ ఆయువు తీరిపోతుంది, 25 దాటితే గడువు సరిపోతుంది. కొండ ప్రాంతాల్లో రెండు మూడు డిగ్రీల తేడాకు పరిశోధకులు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే.

అలాగని వేడి పెరిగినకొద్దీ వ్యాధి పెరుగుతూనే పోదు. మరీ వేడికి దోమ చచ్చిపోతుంది. మలేరియా వ్యాప్తికి 25 డిగ్రీల దరిదాపులు, ఏడిస్ దోమతో వచ్చే డెంగీకి 29 డిగ్రీల దరిదాపులు అత్యంత అనుకూలమని ఎరిన్ మోర్డెకాయ్ బృందం లెక్కగట్టింది. వాన సంగతీ అంతే. కొద్దిపాటి జల్లులు గుంటలు నింపితే, కుండపోత గుంటల్లోని లార్వాను కొట్టుకుపోతుంది.

మూడు వాదాలు

మొదటి వాదం: వాతావరణమే ముందు చెబుతుంది. వీరికి బలమైన ఉదాహరణ తూర్పు ఆఫ్రికా. హిందూ మహాసముద్రం, పసిఫిక్ ఉపరితల ఉష్ణోగ్రతలను, ఉపగ్రహం నుంచి కనిపించే పచ్చదనాన్ని కలిపి చూస్తే కెన్యాలో పశువుల నుంచి మనుషులకు సోకే రిఫ్ట్ లోయ జ్వరాన్ని ముందే పసిగట్టవచ్చని కెన్నెత్ లింతికమ్ బృందం 1999లో ప్రకటించింది. 2006 చివర్లో ఆ పద్ధతితోనే హెచ్చరిక జారీ అయింది. రెండు నుంచి ఆరు వారాల తరువాత, డిసెంబరులో కెన్యా ఈశాన్యాన గరిస్సా ప్రాంతంలో వ్యాధి బయటపడింది. బోట్స్‌వానాలో కాలానుగత (సీజనల్) వాతావరణ అంచనాల ద్వారా మలేరియా హెచ్చరికను, కురిసిన వానను బట్టి చెప్పేదానికంటే నాలుగు నెలల దాకా ముందుకు జరపవచ్చని మడలిన్ థామ్సన్ బృందం 2006లో చూపించింది. మన వాయవ్య భారతంలోని మలేరియాకూ, దక్షిణ అట్లాంటిక్ ఉష్ణమండల జలాల వేడికీ సంబంధం ఉందని 2013లో వచ్చిన మరో అధ్యయనం నాలుగు నెలల గడువు సాధ్యమంది.

రెండో వాదం: వాతావరణం మీద మోజు తగ్గించి వ్యాధి లెక్కలు బాగుచేయండి. తూర్పు ఆఫ్రికా కొండల్లో మలేరియా పెరిగిన చోట వాతావరణంలో చెప్పుకోదగ్గ మార్పు లేదని సైమన్ హే బృందం 2002లో వాదించింది. మందులకు లొంగని పరాన్నజీవి, కుంటుపడిన నివారణ పథకాలు కారణం కావచ్చంది. అవే కొండల ఉష్ణోగ్రతలను మళ్లీ పరిశీలించిన మెర్సిడెస్ పాస్కువల్ బృందం 2006లో వేడి పెరిగిందనే తేల్చింది. 2010లో పీటర్ గెథింగ్ బృందం చర్చను ఇంకో మెట్టు ఎక్కించింది: 20వ శతాబ్దంలో భూమి వేడెక్కుతూ ఉన్నా ప్రపంచ మలేరియా పటం కుంచించుకుపోయిందని, మందులు, దోమల నియంత్రణ, జీవన ప్రమాణాల ప్రభావం వేడి ప్రభావం కంటే చాలా పెద్దదని చూపించింది.

ఈ రెండు పక్షాలూ కొంతవరకు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. యాభై ఏళ్ల ధోరణికి కారణమేమిటన్నది ఒక ప్రశ్న. వచ్చే రెండు నెలల్లో ఫలానా జిల్లాలో జ్వరాలు పెరుగుతాయా అన్నది మరొకటి. మొదటిదానిలో వాతావరణం పాత్ర చిన్నదైనా రెండోదానిలో పెద్దది కావచ్చు. చర్చ ఇంత ముదరడానికి సగం కారణం ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటమే.

మూడో వాదం: నిచ్చెన మెట్లలా కలిపి వాడాలి. దీనికి మంచి ఆధారం హే బృందమే ఇచ్చింది. 2002లో పశ్చిమ కెన్యాలో నాలుగు జిల్లాలను మలేరియా చుట్టుముట్టిన తీరును వారు మరుసటి ఏడాది సమీక్షించారు. కాలానుగత అంచనాలు ఆ భారీ వర్షాన్ని ముందుగా చెప్పలేకపోయాయి. కురిసిన వానను కొలిచి ఉంటే సకాలంలో హెచ్చరిక అందేది. ఆసుపత్రుల నెలవారీ లెక్కలు మాత్రం చేయి దాటాకే గంట కొట్టేవి. అందుకే మూడు మెట్లు కావాలంటారు. నెలల ముందు కాలానుగత అంచనా చూసి మందుల నిల్వ, బడ్జెట్ సర్దుకోవాలి. వారాల ముందు కురిసిన వానను, వేడిని చూసి సిబ్బందిని కదపాలి. రోజుల్లో కేసుల పెరుగుదలను చూసి ఊరిని గుర్తించాలి. బ్రెజిల్‌లో 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు మూడు నెలల ముందు రేచల్ లోవ్ బృందం 12 ఆతిథ్య నగరాలకు డెంగీ ముప్పు అంచనా ప్రకటించినప్పుడు, వాతావరణంతోపాటు అప్పటిదాకా నమోదైన కేసులనూ లెక్కలోకి తీసుకుంది. వియత్నాంలో 2019లో మొదలైన డీ-మాస్ వ్యవస్థ ఆరు నెలల ముందు నుంచే డెంగీ అంచనాలు ఇస్తోంది.

వ్యాధిని బట్టి గడువు

అన్ని వ్యాధులకూ ఒకే హెచ్చరిక పనికిరాదు. ఇంతవరకు పోగైన అనుభవాన్ని కుదిస్తే ఇలా కనిపిస్తుంది.

వడదెబ్బ: సంకేతం ఉష్ణోగ్రత, గాలిలో తేమ. గడువు మూడు నుంచి ఐదు రోజులు. నమ్మదగినది ఇదే. పనివేళలు మార్చడం, ఓఆర్‌ఎస్, చలివేంద్రాలు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు వెంటనే చేయగల పనులు.

మలేరియా: సంకేతం కురిసిన వాన, వేడి. గడువు ఒకటి రెండు నెలలు. ఎడారి అంచుల్లో, కొండ అంచుల్లో బాగా పనిచేస్తుంది. ఏడాది పొడవునా మలేరియా ఉండే చోట్ల అంత పదును ఉండదు.

డెంగీ: సంకేతం వేడి, వాన, ఇళ్లలో నీటి నిల్వ. గడువు ఒకటి నుంచి మూడు నెలలు. కరవు కూడా డెంగీ తెస్తుంది. నీళ్లు రాని ఊళ్లో జనం డ్రమ్ములు, తొట్లు నింపుకుంటారు గనుక కొన్ని నెలల తరువాత దోమ పెరుగుతుందని బ్రెజిల్‌లో జరిగిన మరో అధ్యయనం చెప్పింది. నాలుగు వైరస్ రకాల్లో కొత్తది ప్రవేశిస్తే లెక్క తప్పుతుంది.

కలరా: సంకేతం సముద్ర జలాల వేడి, వరదలు, మంచినీటి వ్యవస్థ పరిస్థితి. గడువు వారాలు. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మ జలచరాలను అంటిపెట్టుకుని ఉంటాయని రీటా కాల్వెల్ చూపించారు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో పాత చీర గుడ్డను మడతలు వేసి నీళ్లు వడకట్టిన ఇళ్లలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో ఆమె బృందం ప్రకటించింది. హెచ్చరిక అందిన ఇల్లాలు ఖర్చు లేకుండా చేయగల పని ఇది.

ఈ జాబితాలో వడదెబ్బ ముందుండటం యాదృచ్ఛికం కాదు. వేడికీ మరణానికీ మధ్య దోమ, వైరస్, నీళ్ల ట్యాంకు లాంటి మధ్యవర్తులు లేవు. ఫిలడెల్ఫియా నగరం 1995లో వడగాలుల హెచ్చరిక వ్యవస్థ ప్రారంభించింది. 1995–98 మధ్య అది 117 ప్రాణాలు కాపాడిందని తరువాతి అంచనా. అహ్మదాబాద్‌లో 2010 మే నెలలో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. అందులో నుంచి 2013లో దేశంలోనే తొలి నగర వేసవి కార్యాచరణ ప్రణాళిక పుట్టింది. అక్కడి పరిశోధకులు వడదెబ్బ అని రాసిన మరణాలనే లెక్కపెట్టి ఊరుకోలేదు. ఆ నెలలో పోయిన అందరినీ లెక్కపెట్టి గత సంవత్సరాలతో పోల్చారు. వేడి ఎంతమందిని తీసుకుపోయిందో బయటపడింది అలాగే.

మన దగ్గర ఏముంది

వాతావరణం వైపు నుంచి చూస్తే తెలుగు రాష్ట్రాలకు లోటు లేదు. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో రేపు ఏ మండలంలో వడగాలులు వీస్తాయో జాబితా ఇస్తుంది. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యాక ఈ జాగ్రత్త పెరిగింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత స్థానంలో మండలం పేరు, డిగ్రీల అంకె వచ్చాయి.

వ్యాధి వైపు కూడా నిర్మాణం ఉంది. 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. సబ్‌సెంటర్ నుంచి లక్షణాల ఫారం, వైద్యాధికారి నుంచి అనుమానిత కేసుల ఫారం, ల్యాబ్ నుంచి నిర్ధారిత కేసుల ఫారం వారం వారం పైకి వెళ్లేవి. 2018 నవంబరులో సమీకృత ఆరోగ్య సమాచార వేదికను ఏడు రాష్ట్రాల్లో ప్రారంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. ఏఎన్ఎం చేతికి కాగితం బదులు ట్యాబ్ వచ్చింది. 2019లో జాతీయ వాతావరణ మార్పు, మానవ ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. హైదరాబాద్ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఉష్ణోగ్రతను బట్టి డెంగీ వైరస్ దోమలో ఎదిగే కాలాన్ని రాష్ట్రాలవారీగా లెక్కగట్టి 2017లో ప్రచురించారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2025లో ప్రచురించిన అధ్యయనం పుణె డెంగీకి రెండు నెలలకు మించిన గడువు సాధ్యమంది. వారానికి 150 మిల్లీమీటర్లు దాటిన వాన అక్కడ డెంగీని తగ్గిస్తుందని కూడా తేల్చింది.

విడివిడిగా రెండూ ఉన్నాయి. కలిసే చోటే కొరత. ఇది మన ఒక్కరి సమస్య కాదు. ప్రపంచ వాతావరణ సంస్థ 2023 నివేదిక ప్రకారం 74 శాతం దేశాల వాతావరణ సంస్థలు ఆరోగ్య రంగానికి సమాచారం ఇస్తున్నాయి. ఆ సమాచారాన్ని తమ నిఘా వ్యవస్థలో వాడుతున్న ఆరోగ్య మంత్రిత్వ శాఖలు 23 శాతమే.

ఇంకా తేలనివి

మొదటిది, పునాది లెక్క. నమూనాకు నేర్పేది పాత కేసుల సంఖ్యలే. 2006–2012 మధ్య మన దేశంలో ఏటా సగటున సుమారు 58 లక్షల మంది డెంగీ వచ్చి వైద్యం పొందారని, ఇది అధికారిక సంఖ్యకు 282 రెట్లని 2014లో ఒక అధ్యయనం అంచనా వేసింది. మలేరియా మరణాలపై 2010లో ఇలాగే వివాదం రేగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఏటా 15 వేలైతే, ఇంటింటి సర్వేల ఆధారంగా వచ్చిన అంచనా 2 లక్షలు దాటింది. ప్రైవేటు క్లినిక్‌కు, ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లిన జ్వరం ఏ ఫారంలోనూ ఎక్కదు. పైగా పరీక్షలు పెరిగిన ఏడాది కేసులూ పెరిగినట్టు కనిపిస్తాయి. అది వ్యాధి పెరుగుదలా, పరీక్షల పెరుగుదలా అన్నది నమూనాకు తెలియదు.

రెండోది, తప్పుడు హెచ్చరిక ఖరీదు. ‘నాన్నా పులి’ కథ అందరికీ తెలుసు. అయితే జాగ్రత్త పడటం వల్లే వ్యాధి రాకపోతే, ఆ హెచ్చరిక తప్పా ఒప్పా? దీనికి ఇప్పటికీ ఒప్పుకున్న కొలమానం లేదు. సమాచారం కుప్పలుగా ఉంటే చాలనుకోవడమూ ప్రమాదమే. జనం వెతికే మాటలను బట్టి ఫ్లూను లెక్కించిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2008లో ఆర్భాటంగా వచ్చి, 2012–13 శీతాకాలంలో ఫ్లూను ఉన్నదానికంటే చాలా ఎక్కువగా చూపి, 2015లో మూతపడింది.

మూడోది, కొలత. వాతావరణ అంచనా జిల్లాకు, మహా అయితే మండలానికి. డెంగీ దోమ మాత్రం పుట్టిన ఇంటి చుట్టూ రెండు మూడు వందల మీటర్లలోనే తిరుగుతుంది. మండలానికి ఇచ్చిన హెచ్చరికను వార్డుకు, తండాకు దించే పద్ధతి ఇంకా కుదరలేదు.

నాలుగోది, పాత సంబంధాలు నిలుస్తాయా అన్నది. పథకాలు మలేరియాను తగ్గించిన చోట వానకూ జ్వరానికీ పాత ముడి సడలుతుంది. కొత్త కాలువ, కొత్త కాలనీ, కొత్త దోమల మందు వచ్చిన ప్రతిచోటా నమూనాను మళ్లీ సరిచూసుకోవాలి.

ఐదోది, గంట ఎవరు కొట్టాలి? 2006లో కెన్యాకు రిఫ్ట్ లోయ జ్వరం హెచ్చరిక ముందే అందింది. పశువులకు టీకాలు మాత్రం వ్యాధి బయటపడ్డాకే మొదలయ్యాయి. వందమందికి పైగా చనిపోయారు. అంచనా తప్పలేదు. అంచనా అందాక ఎవరు ఏ సంతకం పెట్టాలో ముందుగా రాసి లేదు.

తేలినదేమిటి?

ఇన్ని వాదాల తరువాత కొన్ని విషయాలు స్థిరపడ్డాయనే చెప్పాలి. వడగాలులకు హెచ్చరిక పనిచేస్తుంది, దీనిపై తగవు లేదు. దోమల వ్యాధులకు కాలానుగత అంచనా కంటే కురిసిన వాన, దానికంటే రోజువారీ కేసుల లెక్క ఎక్కువ నమ్మదగినవి. గడువు పెరిగినకొద్దీ ఖచ్చితత్వం తగ్గుతుంది గనుక, దూరపు హెచ్చరికకు తక్కువ ఖర్చు పనులు, దగ్గరి హెచ్చరికకు ఎక్కువ ఖర్చు పనులు ముందే ముడివేసి పెట్టుకోవాలి. ఒక ప్రాంతపు సూత్రం మరో ప్రాంతానికి అరువు రాదు.

ఈ వెలుగులో చూస్తే తెలుగు రాష్ట్రాలకు ఇప్పుడు కావలసింది మరింత ఆర్భాటమైన నమూనా కాదు. మండల వర్షపాతం రోజూ బయటపెట్టినట్టే మండల జ్వరాల సంఖ్యను వారం వారం బయటపెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రుల జ్వరాలు కూడా అందులో చేరాలి. ఏ అంకె దాటితే ఏ అధికారి ఏం చేయాలో జూన్‌కు ముందే రాసిపెట్టాలి. సీజన్ ముగిశాక ఏ హెచ్చరిక నిలిచిందో, ఏది తప్పిందో లెక్క చెప్పాలి.

వందేళ్ల క్రితం గిల్ వాన, గింజల ధర, పిల్లల కడుపులో బల్ల, మూడింటినీ ఒకే పట్టికలో పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు వాన లెక్క ఉపగ్రహం నుంచి నిమిషాల్లో దిగుతోంది. జ్వరం లెక్క మాత్రం ఇప్పటికీ సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం వేలి నుంచే మొదలవుతుంది. ఆమె ఎక్కించిన అంకెను ఆ వారంలోనే వాన పక్కన పెట్టి చదివే మనిషిని జిల్లాకు ఒకరిని నియమించడం, ఇంకో ఉపగ్రహం కంటే చాలా చౌక.